వ్యవసాయ వెబ్‌సైట్లలో బహుళ సర్వర్ల మధ్య డేటాబేస్ సమన్వయం

మార్కెట్ ధరలు, వాతావరణ ఆధారిత సలహాలు, భూసార పరీక్ష ఫలితాలు అందించే వెబ్‌సైట్ ఒకే సర్వర్‌పై ఆధారపడినట్లయితే, ఆ సర్వర్ నిలిచిన వెంటనే రైతులకు సేవ నిలిచిపోతుంది. అందువలన డేటాబేస్ నకళ్లను రెండు లేదా అంతకు మించిన సర్వర్లలో ఉంచుతారు. ఈ నకళ్లను సమన్వయపరచే విధానాన్ని ఎంచుకొనే ముందు, ఏ సమాచారం కొంత ఆలస్యమైనా ఫరవాలేదు, ఏది ఏమాత్రం నష్టపోరాదు అనే విషయాన్ని నిర్ణయించుకోవాలి.

పనిచేయు విధానం

సాధారణంగా ఒక సర్వర్‌ను ప్రధాన సర్వర్‌గా ఏర్పాటు చేస్తారు. కొత్త నమోదులు, సవరణలు అన్నీ అందులోనే జరుగుతాయి. ప్రతి మార్పు వరుస క్రమంలో ఒక లాగ్‌లో చేరుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో దీనిని బైనరీ లాగ్ అనియు, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో రైట్-అహెడ్ లాగ్ అనియు అంటారు. అనుబంధ సర్వర్లు ఈ లాగ్‌ను అందుకొని, అదే వరుసలో మార్పులను తమ నకళ్లలో అమలు చేస్తాయి. సమాచారాన్ని చదివే అభ్యర్థనలను అనుబంధ సర్వర్లకు మళ్లించడం ద్వారా ప్రధాన సర్వర్‌పై భారం తగ్గుతుంది.

అసమకాలిక, సమకాలిక పద్ధతులు

అసమకాలిక పద్ధతిలో ప్రధాన సర్వర్ ఇతర సర్వర్ల కొరకు వేచి ఉండదు. నమోదు వేగంగా పూర్తవుతుంది. కానీ నకళ్లు కొంత వెనుకబడి ఉండవచ్చు. ప్రధాన సర్వర్ ఆకస్మికంగా విఫలమైతే, ఇంకా చేరని చివరి మార్పులు నష్టపోయే ప్రమాదం ఉంది. సమకాలిక పద్ధతిలో అనుబంధ సర్వర్ లాగ్‌ను భద్రపరచినట్లు తెలిపిన తరువాతే నమోదు పూర్తవుతుంది. నష్టం తగ్గుతుంది గాని, అనుసంధానం మందగిస్తే నమోదులు కూడా మందగిస్తాయి.

ధరల పట్టిక కొన్ని క్షణాలు ఆలస్యమైనా ఇబ్బంది లేదు. భూసార పరీక్ష ఫలితాన్ని నమోదు చేసిన సిబ్బందికి మాత్రం, వెనుకబడిన నకలు కారణంగా అది కనిపించకపోతే, వారు రెండవసారి నమోదు చేసే అవకాశం ఉంది. కనుక నమోదు చేసిన వ్యక్తికి ఆ సమాచారాన్ని ప్రధాన సర్వర్ నుండే చూపించాలి. ఒకే నమూనా సంఖ్య రెండుసార్లు చేరకుండా డేటాబేస్‌లోనే నిబంధన ఉంచాలి.

అనుసంధానం తెగినపుడు

సర్వర్ల మధ్య అనుసంధానం తెగినపుడు రెండు సర్వర్లు తామే ప్రధానమని భావించి వేర్వేరు మార్పులను స్వీకరిస్తే, తరువాత వాటిని కలపడం కష్టం. దీనిని నివారించుటకు మెజారిటీ నియమాన్ని పాటిస్తారు. మూడింటిలో రెండు, ఐదింటిలో మూడు సర్వర్లు అంగీకరిస్తేనే కొత్త ప్రధాన సర్వర్ ఎంపికవుతుంది. రెండే సర్వర్లున్న చోట ఈ నియమం ఉపయోగపడదు.

ఎంపిక సక్రమంగా జరిగినా, అసమకాలిక నకళ్లలో తేడా మిగిలిపోవచ్చు. 2018 అక్టోబరు 21న గిట్‌హబ్ సంస్థ నెట్‌వర్క్‌లో 43 సెకన్ల అంతరాయం కలిగింది. అమెరికా తూర్పు తీరంలో జరిగిన కొన్ని నమోదులు పశ్చిమ తీరానికి చేరకముందే అక్కడి సర్వర్లు ప్రధానమయ్యాయి. ఉభయ తీరాల సమాచారాన్ని సరిచేసి, సేవలను పూర్తిగా పునరుద్ధరించడానికి 24 గంటలకు పైగా పట్టింది.

ముఖ్య సూచనలు

సమన్వయం బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. పొరపాటున తొలగించిన పట్టిక క్షణాలలో అన్ని నకళ్ల నుండి తొలగిపోతుంది. కావున విడిగా బ్యాకప్ తీసి, దాని నుండి సమాచారాన్ని తిరిగి పొందగలమో లేదో నిర్ణీత కాలవ్యవధిలో పరీక్షించాలి. నకళ్ల వెనుకబాటును నిరంతరం గమనించి, పరిమితి దాటినపుడు హెచ్చరిక వచ్చే ఏర్పాటు చేసుకోవాలి.