కంప్యూటర్లకు రెండు పరీక్షలు

పాఠము ముగిసిన పిమ్మట ఉపాధ్యాయుడు తరగతిలో చిన్న పరీక్ష పెట్టును. ఏ విద్యార్థికి ఏ భాగము బోధపడలేదో తెలిసికొనుటయే దాని ఉద్దేశము. సంవత్సరాంతమున జరుగు పబ్లిక్ పరీక్ష వేరు. అందరికిని ఒకే ప్రశ్నపత్రము, ఒకే నియమములు. మార్కులను పోల్చుటకే అది. కంప్యూటర్ల వేగమును కొలుచుటయందును ఇట్టి భేదమే కలదు.

కంప్యూటరుచే కొన్ని నిర్ణీతమైన ప్రోగ్రాములను చేయించి, పట్టిన కాలమును లెక్కింతురు. ఇట్టి ప్రోగ్రాముల సముదాయమును బెంచ్‌మార్క్ అందురు. విక్రయమునకు వచ్చు యంత్రములను పోల్చుటకై తయారీదారులు కొందరు కలిసి 1988లో అమెరికాలో స్పెక్ అను సంస్థను స్థాపించిరి. 1989లో వెలువడిన దాని మొదటి సముదాయమున 10 ప్రోగ్రాములు ఉండెను.

మార్కు వేయు విధానమును ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ప్రామాణికముగా గైకొన్న యంత్రము ఒక ప్రోగ్రామును 100 సెకండ్లలోను, క్రొత్త యంత్రము 25 సెకండ్లలోను ముగించినచో నిష్పత్తి 4. రెండవ ప్రోగ్రామునకు రెండు యంత్రములును 100 సెకండ్లే తీసికొన్నచో నిష్పత్తి 1. వీని గుణమధ్యమము, అనగా 4 × 1 యొక్క వర్గమూలము, 2. ఇదియే క్రొత్త యంత్రము మార్కు. కాని కొనువాని పని యంతయు రెండవ ప్రోగ్రాము వంటిదైనచో అతనికి కలుగు లాభమేమి? ఏమియు లేదు! కావుననే విడివిడి ఫలితములను కూడ చూడవలెను.

ప్రశ్నపత్రము ముందే తెలిసినచో విద్యార్థి దానికే సిద్ధపడును గదా! మొదటి సముదాయములో మాట్రిక్స్ 300 అను ప్రోగ్రాము మాత్రికలను గుణించెడిది. దాని కాలమంతయు దాదాపు ఒకే పంక్తిలో గడచెడిది. మనుష్యులు వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు సాధనమును కంపైలరు అందురు. క్రొత్త కంపైలర్లు ఆ పంక్తిలోని లెక్కల క్రమమును మార్చగా ఆ ఒక్క ఫలితము అనేక రెట్లు పెరిగెను. యంత్రము మాత్రము పాతదే! 1992 సముదాయమున ఆ ప్రోగ్రామును తొలగించిరి.

పరిశోధకుని ప్రశ్న వేరు. ఏ యంత్రము మేలని కాక, వేగము ఎందుచేత తగ్గినదని అతడు అడుగును. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునుండి వెలువడిన పార్సెక్ సముదాయము ఇట్టి పరిశోధనకు ఉద్దేశింపబడినది. అనేక ప్రోసెసర్లు కలిసి పనిచేయు తీరును పరిశీలించుటకై, వీడియోను కుదించుట, ద్రవముల చలనమును లెక్కించుట, పోలికగల చిత్రములను వెదకుట మొదలగు పలువిధములైన పనులను అందు చేర్చిరి.

ఇంకను నిర్మింపబడని యంత్రమును పరిశోధకులు మరియొక కంప్యూటరులో అనుకరించి చూతురు. అనుకరణము 10,000 రెట్లు నెమ్మదియైనచో ఒక నిమిషపు పనికి దాదాపు 7 దినములు పట్టును. అందుచేత పార్సెక్‌లో ఒకే ప్రోగ్రామునకు చిన్నవి, పెద్దవియగు దత్తాంశములను వేరువేరుగా సమకూర్చిరి. చిన్న దత్తాంశముతో వచ్చిన ఫలితమును కొనుగోలుకు ఆధారము చేసికొనరాదు. నిజమైన పనిలో యంత్రపు జ్ఞాపకమునకు కలుగు ఒత్తిడి అందు కనబడకపోవచ్చును.

పరిశోధకునకును ఒక ప్రమాదము కలదు. తన ఊహకు అనుకూలించు ప్రోగ్రాములనే ఏరుకొన్నచో అతడు ఇతరులను మాత్రమే కాదు, తన్ను తానే మోసగించుకొనును. కావున ఒక యంత్రము ఇన్ని రెట్లు వేగవంతమైనదని విన్నప్పుడు అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఏ పనిలో? ఏ నియమములతో? ఏమి తెలిసికొనుటకై కొలిచిరి?