కదలెడి యిల్లు

ఒకచోట నిలిచియున్న యింటికి నేల ఆధారము, గోడ కాపు. వాన కురిసినను, గాలి వీచినను ఆ యిల్లు తన చోటు విడువదు. వాననీరు ఏ వైపునకు పాఱునో, నేల యెంత గట్టిదో పెద్దలు ముందే యెఱిగి పునాది వేసియుందురు. చక్రముల మీద నున్న యింటికి ఈ సౌకర్యము లేదు. అది నేడు గుట్ట మీద, రేపు ఏటి యొడ్డున నిలువవలసినది. కావున నిలిచిన ప్రతిచోటను దాని యజమాని నేలను పరీక్షింపవలెను. కదలిన ప్రతిసారియు బండి కీళ్లను పరీక్షింపవలెను.

ఇట్టి యిండ్లను నేడు కారవానులని పిలుచుచున్నారు. సినిమా చిత్రీకరణము జరుగుచోట నటీనటుల విశ్రాంతికై నిలిపియుంచు పెద్ద బండ్లు ఇట్టివే. కొన్నిటికి తమ యంత్రము తమకే యుండును. కొన్నిటిని మఱియొక వాహనము లాగికొనిపోవును. లోపల పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, విద్యుద్దీపములు ఉండును. కుటుంబముతో దేశము చూడగోరువారు ఇట్టి బండ్లను కొనుట, అద్దెకు తీసికొనుట మన దేశమున ఇటీవల మొదలైనది. కేరళ రాష్ట్రము 2021లో వీని కొఱకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. బండి కొత్తదే గాని, అందుకు కావలసిన విద్య పాతది. ఆ విద్యకు సికిందరాబాదునకు ఉత్తరమున నున్న బొల్లారము మంచి నిదర్శనము.

1798లో హైదరాబాదు నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. ఆ సంధిననుసరించి వచ్చిన సైన్యము హుస్సేన్ సాగరమునకు ఉత్తరముననున్న బయలు నేలలో డేరాలు వేసికొని దిగెను. ఆ డేరాల బసయే క్రమముగ ఊరై, 1806లో నిజాము సికిందర్ జా పేర సికిందరాబాదు అయ్యెను. దానికి ఆవల నున్న బొల్లారము, హైదరాబాదు కంటింజెంటు అను మఱియొక సైన్యమునకు దండు నివాసమయ్యెను. ఆ సైన్యము 1903లో భారత సైన్యమున కలిసిపోయినది. వేలకొలది జనము డేరాలలో నుండవలసినప్పుడు నీరు నిలువని మెరక, గాలి యాడెడి బయలు, త్రాగునీటి వసతి కావలెను. బొల్లారము మెరక ప్రదేశము. అందుచేతనే దండునకు అనుకూలమైనది.

1860లో అచ్చట నిర్మింపబడిన యొక భవనము బ్రిటిషు రెసిడెంటు విడిదిగా నుండెను. స్వాతంత్ర్యానంతరము అది రాష్ట్రపతి నిలయమైనది. సుమారు 90 ఎకరముల తోట నడుమ నున్న ఆ గృహము ఒకే అంతస్తు గలది. రాష్ట్రపతి ఏటేట కొన్ని దినములు దక్షిణ దేశమున బస చేయుట సంప్రదాయము. ఆ బస సాధారణముగ డిసెంబరు ప్రాంతమున జరుగును. డిసెంబరులో దక్కను పీఠభూమి మీద ఆకాశము నిర్మలము, ఎండ సౌమ్యము, నేల పొడి. దేశములోని తొలి పౌరునకైనను, సామాన్య యాత్రికునకైనను బసకు తగిన కాలమును నిర్ణయించునది ప్రకృతియే.

ఈ సంగతిని అందఱికంటె బాగుగ ఎఱిగినవారు లంబాడీలు. రైళ్లు రాకపూర్వము దక్కను దేశమున ధాన్యమును, ఉప్పును ఒక సీమనుండి మఱియొక సీమకు చేర్చినది వారి యెద్దుల బిడారులే. 1632లో పీటర్ మండీ యను ఆంగ్ల యాత్రికుడు పదునాలుగు వేల యెద్దులు గల యొక బిడారును చూచితినని వ్రాసెను. 18వ శతాబ్ది చివర మైసూరు యుద్ధములలో సైన్యములకు గింజలు అందించినవారు వారే. వేలకొలది పశువులతో, పిల్లాపాపలతో నడుచు తాండా కదలెడి యూరే గదా! వానాకాలమున నల్లరేగడి బాటలు బురదయై, గిట్టలు దిగబడును. అప్పుడు వారు మేత సమృద్ధిగ నున్న మెరకలను చూచి నిలిచిపోవుచుండిరి. గోనెలు కుట్టుకొనుట, త్రాళ్లు పేనుకొనుట, అలసిన యెద్దులను మేపుట ఆ కాలపు పనులు. వానలు వెనుకబట్టి బాటలు గట్టిపడగానే మరల బయలుదేరుచుండిరి. నడచుటకొక కాలము, నిలుచుటకొక కాలము, బాగుచేసికొనుటకొక కాలము అను క్రమము వారిది. 1874లో వాడి నుండి హైదరాబాదునకు రైలు వచ్చినది. రైళ్లు పెరుగుకొలది ఆ బిడారులు తగ్గిపోయినవి.

మన పల్లెలలోని యెద్దుబండి కూడ ఇదే పాఠము చెప్పును. వేసవిలో కొయ్య యెండి కుదించుకొనును. అప్పుడు చక్రపు ఆకులు వదులగును, ఇనుప పట్టా జాఱును. తెలివిగల రైతు చక్రములను నీటిలో నానబెట్టి కొయ్యను బిగియజేయును. బయలుదేరుటకు ముందు ఇరుసునకు కందెన వేయును. చీల యున్నదో లేదో చేతితో తడవి చూచును. చీల యెంతయో చిన్నది. అది యూడినచో చక్రము ఊడును. చక్రము ఊడినచో బండి కూలును.

క్రొత్తగ కారవాను కొన్నవాడు ముందుగ నేర్వవలసినది ఈ చీల పాఠమే. బండి లోపలి పరుపులు, తెరలు, అలంకారములు కంటికి ఇంపుగ నుండును. వానిని మార్చుటయందు డబ్బు ఖర్చు పెట్టి, ప్రాణములకు సంబంధించిన పనులను తరువాతికి వాయిదా వేయుట అవివేకము. మరమ్మతులకొక వరుస కలదు. బండిని నడపునవి, ఆపునవి మొదట. నిప్పునకు సంబంధించినవి పిదప. నీటి బాధ తొలగించునవి మూడవవి. సుఖము నిచ్చునవి కట్టకడపటివి.

చక్రముల సంగతి మొదట చూడవలెను. టైరు పైగాళ్లు లోతుగ నున్నంత మాత్రమున అది మంచిదని నమ్మరాదు. నెలల తరబడి ఎండలో కదలక నిలిచిన బండి టైరు అరుగక పోయినను పగుళ్లు దేఱును. టైరు ప్రక్కన నాలుగు అంకెలు అచ్చువేసి యుండును. అవి 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున అది తయారైనదని అర్థము. దీనిని బట్టి టైరు వయస్సు తెలియును. గాలి యొత్తిడిని బండి కదలకముందు, టైరు చల్లగ నున్నప్పుడే కొలువవలెను. నడచిన టైరు వేడెక్కి ఒత్తిడిని ఎక్కువగ చూపును. చక్రములను విప్పి బిగించిన పిమ్మట మొదటి 50 నుండి 100 కిలోమీటర్ల లోపున బోల్టులను మరల బిగించి చూడవలెను. సామానులతో, నీళ్లతో, మనుష్యులతో నిండిన బండిని ఒకసారి కాటా మీద తూచుట మంచిది. మోయదగినదానికంటె బరువు ఎక్కువైనచో బ్రేకులును, టైర్లును రెండును చెడును.

పిమ్మట నిప్పు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. అది కాఱినచో పైకి పోక, నీటివలె నేలనంటి పల్లమున నిలుచును. అందుచేత బండి యడుగున గాలి పోవుటకై రంధ్రము లుంచెదరు. చీమలు వచ్చునని, దుమ్ము చేరునని వానిని మూయరాదు. గొట్టపు కీళ్ల వద్ద సబ్బునీళ్లు పూసిన, కాఱుచోట బుడగలు లేచును. అగ్గిపుల్ల గీసి పరీక్షించుట ప్రాణాంతకము. విద్యుత్తు ఫ్యూజు పోయినచో, పోవుటకు కారణము వెదకవలెను గాని లావుపాటి తీగను బిగించి పని జరుపుకొనరాదు. అన్నిటికంటె మోసకరమైనది బొగ్గుల కుంపటి. చలికాలపు రాత్రి తలుపులు మూసి, లోపల కుంపటి పెట్టుకొని నిద్రించినచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించినవారు నిద్రలోనే మరణింతురు. గ్యాసునకు మనము గుర్తుపట్టుటకై దుర్వాసన కలిపెదరు. ఈ విషమునకు ఆ హెచ్చరిక కూడ లేదు.

మూడవది నీరు. బండి పైకప్పునకు, కిటికీలకు చుట్టు అతుకులు ఉండును. ప్రయాణపు కుదుపులకు ఆ అతుకులు విచ్చును. వెంట్రుకవాసి సందు చాలును; వాననీరు లోనికి జొచ్చి, పైకి కనబడకుండ లోపలి కొయ్యను కుళ్లజేయును. గోడ మీద మచ్చ కనబడునప్పటికి లోపల చాల భాగము చెడియుండును. మే నెలలోనే ఒకరు పైన నీళ్లు పోయుచుండగా మఱియొకరు లోపల మూలలు తడవి చూచినచో లోపము తెలియును. పాత జిగురును పూర్తిగ గీకివేసి, చోటు ఆఱిన పిమ్మట క్రొత్తది పూయవలెను. పాతదాని మీదనే పూసినది నిలువదు. ఈ పని వానలు మొదలైన పిమ్మట చేయబూనినచో, తడి ఆఱక వృథా యగును.

నీళ్లతొట్టెను కూడ తఱచు కడిగి ఆఱబెట్టవలెను. బస చుట్టును నీరు నిలువనీయరాదు. మలేరియా క్రిమి దోమ శరీరమున పెరుగునని రొనాల్డ్ రాస్ కనుగొన్నది సికిందరాబాదులోనే. అది 1897 ఆగస్టు 20వ తేదీ, వానాకాలపు దినము. విడిచిన కొబ్బరి చిప్పలోని నీరు సయితము దోమలకు చాలునని ఆ ప్రాంతపు యాత్రికుడు మఱువరాదు.

ఇన్ని పనులును ముగించిన పిమ్మట గూడ వెంటనే దూరప్రయాణము తగదు. మొదటి రాత్రి తన యింటి ముంగిట బండిలో పండుకొని చూడవలెను. రెండవసారి ఒక పూట ప్రయాణములో నున్న చోటికి పోయి రావలెను. ఏ దీపము వెలుగలేదో, ఏ తలుపు పట్టలేదో కాగితముపై వ్రాసికొని బాగుచేయించుకొనవలెను. ఇంటి ముంగిట తెలిసిన లోపము చిన్న పని. అడవి నడుమ, నడిరేయి తెలిసిన లోపము పెద్ద ఆపద.

ఇక కాలము, చోటు. నవంబరు నడిమి నుండి ఫిబ్రవరి వఱకు మన పీఠభూమి మీద బసకు శ్రేష్ఠమైన కాలము. వికారాబాదు చెంత అనంతగిరి కొండలు, మదనపల్లె చెంత హార్స్లీ కొండలు, అరకు లోయ ఈ ఋతువున మనోహరములు. ఉదయపు టెండ తగులునట్లు బండిని తూర్పుముఖముగ నిలుపవలెను. రాత్రి చలికి జడిసి కిటికీలన్నియు మూసినచో ఊపిరి తేమ గోడలపై నీరై కాఱును. ఒక సందు తెఱచియుంచుట అవసరము.

వేసవిలో నీడయే సంపద. చింతచెట్టు, వేపచెట్టు నీడ పడునట్లును, బండి యొక్క పొడవు వైపు పడమటి యెండకు ఎదురు కాకుండునట్లును నిలుపవలెను. కాని ఏప్రిలు, మే నెలల సాయంకాలములందు హఠాత్తుగ గాలివాన లేచును. ఎండిన కొమ్మల క్రిందను, బయలున నొంటిగ నున్న చెట్టు క్రిందను నిలుచుట అపాయము. కొమ్మ విఱుగవచ్చును, పిడుగు పడవచ్చును.

వానాకాలమున నేలను చదువ నేర్వవలెను. చల్కనేల నీటిని త్వరగ పీల్చును. రేగడినేల ఉబ్బి జిగురై చక్రములను పట్టుకొనును. చెఱువుకట్ట క్రింద, అలుగు పాఱు దారిలో, ఎండిన వాగు ఇసుకలో బస చేయరాదు. ఇసుక మెత్తగ, చదునుగ నుండి పిలుచును. కాని ఎగువ నెక్కడనో కురిసిన వాన గంటలలో దిగువకు వచ్చును. అనంతగిరి కొండలలో చిన్న ధారగ పుట్టిన మూసీనది 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచి, సుమారు పదునైదు వేలమందిని బలిగొన్నది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణముననున్న చింతచెట్టు నెక్కి సుమారు నూట యేబదిమంది బ్రతికిరి. కట్టిన మేడలనే ఊడ్చిన వఱదకు చక్రముల బండి యెంత?

సెప్టెంబరుతో భయము తీఱునని తలపరాదు. హైదరాబాదున 2020 అక్టోబరు 13న కుంభవృష్టి కురిసి పల్లపు వీథులు మునిగినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. అక్టోబరు, నవంబరు నెలలు తూర్పుతీరమునకు తుపానుల కాలము. ఆ దినములలో సముద్రపుటొడ్డున బస చేయబోవువారు వాతావరణ శాఖవారి హెచ్చరికలను ప్రతిదినమును తెలిసికొనవలెను. హెచ్చరిక వినగానే ప్రయాణము మానుకొనుటకు సిగ్గుపడరాదు.

డేరాలలో దిగిన దండు మెరకను వెదకినది. లంబాడీల తాండా వానలలో ఆగినది. బండి రైతు చీలను తడవి చూచినాడు. వారెవ్వరికిని యంత్రములు లేవు, వాతావరణ సూచనలు లేవు. అయినను నేలను, కాలమును, తమ బండిని ఎఱిగి దేశమంతయు తిరిగిరి. నేటి కారవానులో ఎన్ని సౌకర్యములున్నను ఈ మూడింటి యెఱుకయే దానికి పునాది. ఆ యెఱుక గలవానికి ఏ యూరి పొలిమేరయైనను ఇల్లగును. అది లేనివానికి స్వంత బండియే చెఱసాల యగును.