సిలిండర్‌లో ఉన్నది మామూలు గాలే బాబూ!

"ఊపిరి బిగబట్టీసినాను బావా, లేకపోతే ఆక్సిజన్ అయిపోద్ది గదేటి!"

చింతపల్లి సముద్రంలో స్కూబా చేసి బోటెక్కిన మా బావమరిది గర్వంగా అన్న మాట ఇది. పక్కనున్న శిక్షకుడి మొహం మాడిపోయింది. దిగేముందు 'ఊపిరి ఆపొద్దు' అని మూడుసార్లు చెప్పాడు పాపం. మావాడు ఆయన కంటే ఫోన్లో చూసిన వీడియోనే ఎక్కువ నమ్మాడు. 'స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ సాగరగర్భంలోకి' అని ఉందట అందులో. అదే వీడియో చూసి మా వీధిలో ఉబ్బసం ఉన్న ఒకాయన "ఆక్సిజనే కదా, మనకీ మంచిదే" అంటూ బయల్దేరబోతున్నాడు. అందుకే ఈ గోల.

వీడియోలనేం, పేపర్లూ 'ఆక్సిజన్ సిలిండర్లు తగిలించుకుని' అనే రాస్తాయి. అందులో ఉండేది గాలి. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నిలబడి మనం పీల్చే గాలే, దుమ్ము తక్కువ అంతే. 21 శాతం ఆక్సిజన్, మిగతాది దాదాపుగా నైట్రోజన్. వడకట్టి, తేమ తీసి, 200 బార్ల ఒత్తిడితో కూరతారు. శిక్షణ పొందినవాళ్ళు ఆక్సిజన్ పాలు కాస్త పెంచిన నైట్రాక్స్ వాడతారు, దానికీ లోతు హద్దులున్నాయి. ఉత్త ఆక్సిజనే నింపుకుని దిగితే ఆరు మీటర్లు దాటాక అది మెదడుకి విషం. మూర్ఛ వస్తుంది, గాలి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోతుంది. నీళ్ళలో మూర్ఛొస్తే ఏమవుతుందో నేను చెప్పాలా?

పేరు తప్పు, అంతే కదా అని ఊరుకోవచ్చు. కానీ ఆక్సిజన్ అనగానే దాన్ని పొదుపు చేయాలనిపిస్తుంది, పొదుపు అంటే ఊపిరి బిగబట్టడమే అనిపిస్తుంది. అక్కడుంది చావు. పది మీటర్ల లోతులో నీటి ఒత్తిడితో కలిపి పైనున్న దానికి రెట్టింపు పీడనం ఉంటుంది. అక్కడ నిండా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు బెలూన్లు కావు. చిరుగుతాయి. బుడగలు రక్తంలో కలిసి మెదడుకి పోతాయి. రెండు మీటర్ల నుంచి వచ్చినా ఈ ప్రమాదం ఉంది. మావాడు దిగింది ఐదు మీటర్లు. శిక్షకుడు చెయ్యి వదలకుండా నెమ్మదిగా తెచ్చాడు గనక బతికి బట్టకట్టాడు. ఉబ్బసం ఉన్నవాళ్ళకైతే బిగబట్టే పనే లేదు, శ్వాసనాళాలు ముడుచుకున్నాయంటే గాలి వదలాలన్నా రాదు. పైగా సిలిండర్ గాలి పొడిగా, చల్లగా ఉండి ఆయాసాన్ని రేపుతుంది.

గాలి ఎక్కువసేపు రావాలంటే నిదానంగా పీల్చి నిదానంగా వదలండి. సిలిండర్ మీటరు ముల్లు 50 బార్లకి వచ్చేసరికి బోటు మీద ఉండాలి. ఆ బోటులో మాత్రం ఒక అసలు సిసలు ఆక్సిజన్ సిలిండర్ ఉండాలి. ప్రమాదం జరిగితే పైకి తెచ్చాక పట్టడానికి. డబ్బు కట్టేముందే 'ఉందా?' అని అడగండి.

మన టూరిస్టులది ఇంకో వరస: పొద్దున్న రుషికొండలో డైవ్, సాయంత్రం అరకు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. లోతులో నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, చప్పున ఒత్తిడి తగ్గితే గోలీసోడా కొట్టినట్టు పొంగుతుంది. ఐదారు మీటర్ల సరదా డైవ్‌కి పెద్ద భయం లేదు గానీ, అరకు ఒక రాత్రి ఆగితే ఎక్కడికీ పారిపోదు. చుట్టాలింటికి అండమాన్ వెళ్ళి, స్వరాజ్ ద్వీప్ పగడపు దిబ్బల మీద రోజుకి రెండు మూడు డైవ్‌లు కొట్టేవాళ్ళు మాత్రం విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాల్సిందే.

ఈత రాకపోయినా స్కూబా చేయొచ్చంటారు. ఒప్పుకోవడం ఇష్టంలేదు గానీ, శిక్షకుడు పట్టుకుని తిప్పే మొదటి డైవ్ వరకూ అది నిజమే. సర్టిఫికెట్ కోర్సుకి మాత్రం 200 మీటర్లు ఈది, పది నిమిషాలు తేలి చూపించాలి.

ఇక మిగతా అనుమానాలు. సొరచేపలు తినేస్తాయా? సొరపిట్టు వండుకుతినేది మనమండీ. మునిగిన ఓడంటే బంగారమేనా? బారువ దగ్గర 1917లో కాలి మునిగిన చిల్కా అనే ఓడలో ఇప్పుడు దొరికేది తుప్పే. మన తీరంలో పగడాలు లేవా? అండమాన్‌లో లాంటి దిబ్బలు లేవు, బండల మీద పగడాలున్నాయి. అవి రాళ్ళు కావు, ప్రాణులు. తొక్కకండి.

బోటెక్కేముందు ఒక ఆరోగ్య ఫారం ఇస్తారు. అందులో ఉబ్బసం గురించి అడుగుతారు. అక్కడ అబద్ధం రాయకండి. ఫారమే ఇవ్వని బోటు ఎక్కకండి.