వేగం నిలవకపోతే ముందు రబ్బరు చూడండి

చిన్నతనంలోనే చూపు కోల్పోయిన అమెరికన్ ఇంజనీరు రాల్ఫ్ టీటర్ ఆలోచన నుంచి పుట్టిన క్రూయిజ్ కంట్రోల్, 1958లో క్రైస్లర్ ఇంపీరియల్ కార్లలోకి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో చాలా కంపెనీలు వేగాన్ని ఒకేలా ఉంచే ఆ పనిని వాక్యూమ్‌కు అప్పగించాయి.

వోల్వో 740నే తీసుకోండి. చిన్న ఎలక్ట్రిక్ పంపు గాలిని లాగేస్తే రబ్బరు తిత్తి ముడుచుకుని థ్రాటిల్‌ను పట్టి ఉంచుతుంది. బ్రేకు తొక్కగానే పెడల్ దగ్గరి వాల్వు తెరుచుకుంటుంది, గాలి లోపలికి దూరుతుంది, థ్రాటిల్ వదులవుతుంది.

అందుకే పాత కారులో వేగం నిలవకపోతే ఖరీదైన కంట్రోల్ యూనిట్‌ను అనుమానించే ముందు రబ్బరును చూడాలి. ఇంజిన్ ఆపి, చల్లారాక, తిత్తికున్న గొట్టం ఊడదీసి, తిత్తిని చేత్తో నొక్కి దాని రంధ్రాన్ని వేలితో మూయాలి. అలాగే ముడుచుకుని ఉంటే తిత్తి బాగున్నట్టే. మెల్లగా ఉబ్బిందా, ఎక్కడో చిరిగింది. ఇక గొట్టాలు: ఇంజిన్ వేడికి వాటి చివరలు బిరుసెక్కి పగులుతాయి. పొడవు సరిపోతే పగిలిన ముక్క కోసేసి మళ్లీ తొడగొచ్చు. పెడల్ వాల్వు సరిగా మూసుకోకపోయినా ఇదే తంటా.

చిరిగిన తిత్తికి జిగురు అతుకు కన్నా కొత్తది వేయడమే మేలు. బ్రేకు వాల్వును మాత్రం ఎన్నడూ మూసి బిగించకూడదు. ప్రాణం దానిమీదే ఉంది. చివరగా థ్రాటిల్ తెరిచి వదిలితే టక్కున వెనక్కి రావాలి. ఆ తర్వాతే ఖాళీ రోడ్డు మీద, బ్రేకు తాకగానే క్రూయిజ్ ఆగుతోందో లేదో చూసుకోవాలి.