మలుపులో లారీ, పాదచారి: బాధ్యత ఎవరిది?

ఎడమకు మలుపు తిరిగే లారీ వెనుక చక్రాలు ముందు చక్రాలు నడిచిన దారిన రావు. బండి పొడవు పెరిగేకొద్దీ అవి మలుపు లోపలి వైపుకు, అంటే ఫుట్‌పాత్ అంచుకు, మరింత దగ్గరగా జరుగుతాయి. మన దేశంలో డ్రైవర్ సీటు కుడివైపు ఉంటుంది గనుక, క్యాబిన్‌కు ఎడమ పక్కన ఆనుకుని నిలబడిన మనిషి అతని కంటికీ అద్దానికీ అందకపోవచ్చు. ఇలా కనిపించకుండా పోయే జాగానే బ్లైండ్ స్పాట్ అంటారు.

అయితే "మనిషి కనబడలేదు" అన్న సమాధానం చట్టం ముందు సులభంగా నిలవదు. తెలివిగల డ్రైవర్ ఆ పరిస్థితిలో తీసుకోవలసిన జాగ్రత్తను తీసుకోకపోవడమే నిర్లక్ష్యం. ఎడమ పక్క చూసి చెప్పడానికి క్లీనర్‌ను వెంట ఉంచుకునే అలవాటే ఆ పక్క పొంచి ఉన్న ప్రమాదం డ్రైవర్లకు ముందే తెలుసనడానికి నిదర్శనం. సిగ్నల్ లేని జీబ్రా గీతల వద్ద వేగం తగ్గించి, ఆగి, పాదచారికి దారి ఇవ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి.

ఒకే ప్రమాదం నుంచి రెండు వేర్వేరు విచారణలు పుడతాయి. భారతీయ న్యాయ సంహితలోని 281, 125 సెక్షన్ల కింద నడిచే క్రిమినల్ కేసులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో మాత్రం ఏ వాదన ఎక్కువ సంభావ్యంగా ఉందన్నదే చూస్తారు కాబట్టి, డ్రైవర్ నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం దానంతటదే ఆగిపోదు.

ఆ పరిహారం డ్రైవర్ ఒక్కడి జేబు మీద ఆధారపడదు. పనిలో ఉన్న డ్రైవర్ తప్పుకు యజమాని జవాబుదారీ కావడాన్ని పరోక్ష బాధ్యత అంటారు. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా ఆ భారాన్ని కంపెనీకి మారుస్తుంది. లైసెన్సు లోపం వంటి కొన్ని సందర్భాల్లో కంపెనీ ముందుగా బాధితుడికి చెల్లించి, తరువాత యజమాని నుంచి రాబట్టుకునేలా ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు.

పాదచారి కూడా సిగ్నల్‌ను లెక్కచేయకుండా దాటి ఉంటే, అతని వంతు తప్పు మేరకు పరిహారం తగ్గుతుంది. వైకల్యం శాతాన్ని నేరుగా ఆదాయ నష్టంగా లెక్కకట్టకూడదని, ఆ వైకల్యం బాధితుడి వృత్తిని ఎంత దెబ్బతీసిందో చూడాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో స్పష్టం చేసింది. అందుచేత ఒకే రకం కాలి గాయానికి గుమాస్తాకూ హమాలీకీ ఒకే మొత్తం రాదు.

తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే మోటారు వాహనాల చట్టంలోని 164 సెక్షన్ కింద తీవ్ర గాయానికి రూ. 2.5 లక్షలు, మరణానికి రూ. 5 లక్షలు కోరవచ్చు. 2019 సవరణ దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెట్టింది గనుక, చెరిగిపోయే సీసీటీవీ దృశ్యాలను, ఆసుపత్రి కాగితాలను వెంటనే భద్రపరచుకోవడం బాధితుడి కుటుంబానికి అవసరం.