సరకునకు తెరచిన దారి

పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయ పాలకులు ఉప్పుపై సుంకము రాబట్టుటకు ఉత్తర భారతమున వందల మైళ్ల ముళ్లకంచె పెంచిరి. దేశ మొకటే; కంచెకు ఈవల ఒక ధర, ఆవల ఒక ధర. 1879లో ఆ సుంకపు సరిహద్దు రద్దయినది.

స్వతంత్ర భారత రాజ్యాంగము దేశమంతట వర్తకము స్వేచ్ఛగా సాగవలెనని 301వ అధికరణమున శాసించినది. ఐనను లారీలు రాష్ట్రపు పొలిమేరలలో పన్నుల తనిఖీకై గంటల తరబడి నిలిచెడివి. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలునకు రాగా ఆ పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేయబడినవి. సరకునకు దారి దొరకినది.

మఱి కూలివాని మాటేమి? ఏ రాష్ట్రమునకైనను పోయి పని చేసుకొను హక్కు 19వ అధికరణమున వానికి కలదు. కాని చిరకాలము పొలిమేర దాటినంతనే వాని రేషను కార్డు చెల్లకుండెను. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఒక జంటగా, గుజరాత్, మహారాష్ట్రలు వేఱొక జంటగా ఆ అడ్డు తొలగించి దేశమునకు దారి చూపినవి. ఒక అడ్డు తొలగిన ఆ యేడే మఱియొకటి లేచినది: పరిశ్రమలలో నూటికి 75 కొలువులు స్థానికులకే యని ఆంధ్రప్రదేశ్ చట్టము చేసినది. అట్టి హర్యానా చట్టమును 2023లో హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది.

ఫ్యాక్టరీకి భూమి నిచ్చిన రైతు తన కుమారునికి కొలువు కోరుట న్యాయమే. ఆ కుమారునికి విద్యను, పనితనమును నేర్పుట ప్రభుత్వ ధర్మము. పొరుగువానికి తలుపు మూయుట కాదు. పాలమూరు కూలీలు పరరాష్ట్రములలో ఆనకట్టలకు మట్టి మోసిరి. నేడు ఒడిశా కూలీలు తెలంగాణ బట్టీలలో ఇటుకలు కోయుచున్నారు. మన వాకిట నిలిచినవానిని పొమ్మన్నచో, పరుల వాకిట నిలిచిన మనవాని కెవరు దిక్కు?