పాత ఇంజనుకు నిదానమే ప్రధానం

తెలుగులో 'నిదానం' అనే మాటకు రెండు అర్థాలు వున్నవి. తొందరపడకుండా మెల్లగా నడుచుకొనడం లోకవ్యవహారంలోని అర్థం. రోగానికి మూలకారణాన్ని కనుగొనడం వైద్యశాస్త్రంలోని అర్థం. మాధవకరుని వైద్యగ్రంథానికి 'మాధవ నిదానం' అని పేరు వచ్చినది ఈ రెండవ అర్థంలోనే. పాత మోటారు వాహనం నిలిచివున్నప్పుడు దాని ఇంజను వణకుతూ, మధ్య మధ్య ఒక దెబ్బ తప్పుతూ తిరిగే జబ్బును గురించి మాట్లాడబోతే ఈ రెండర్థాలూ ఒకచోట కలుస్తున్నవి. ఈ రోగం ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు బయటపడుతుంది. మనిషి మెల్లగా ఆలోచించినప్పుడు దొరుకుతుంది. మెకానికులు దీనిని 'మిస్సింగ్' అంటారు.

మేము ఇంజనీర్లము కాము, భాషాబోధకులము. అయినప్పటికీ పుస్తకాలలో చదివినదీ, మెకానిక్ షెడ్లలో నిలబడి చూచినదీ కలిపి విద్యార్థుల ముందుంచడం అవసరమని భావించాము. కారణం లేకపోలేదు. యాలాల్ వంటి మండల కేంద్రంలో పాత కారు విలాస వస్తువు కాదు. తాండూరు ఆసుపత్రికి రోగిని చేర్చవలసినప్పుడు, రైలు అందుకొనవలసినప్పుడు ఇంటి ముందరి ఆ బండే దిక్కు. రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు బాగానే వుండి, రైల్వే గేటు వద్ద ఆగగానే గజగజ వణకి ఆరిపోయే ఇంజను ఎంత ఆందోళన కలిగిస్తుందో అనుభవించినవారికి తెలుసు. అంతకంటె కష్టమైనది తరువాతి కథ. ఒకరు ప్లగ్గులు మార్చమంటారు, మరొకరు కాయిలు మార్చమంటారు, ఇంకొకరు కార్బొరేటరే పోయిందంటారు. అన్నీ మారుతవి, మిస్సింగ్ మాత్రం మారదు. ఇంటి ఖర్చుకు వుంచుకొన్న సొమ్ము ఊహల పాలవుతుంది.

మొదట ఇంజను పనిచేసే తీరును స్థూలంగా తెలుసుకొందాము. ఉదాహరణకు అంబాసిడర్ కారును తీసుకొనవచ్చు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ వారు 1950వ దశకం చివరి నుండి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో దీనిని తయారుచేశారు. చాలాకాలం దీనిలో వుండినది 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. దానికి నాలుగు సిలిండర్లు. అవి 1, 3, 4, 2 అనే క్రమంలో మండుతవి. ఒక్కొక్క సిలిండరు గాలినీ పెట్రోలునూ పీల్చుకొని, నొక్కి, మండించి, పొగను వదిలిపెడుతుంది. ఈ నాలుగు పనులు ముగిసేసరికి ఇంజను రెండు చుట్లు తిరుగుతుంది.

ఐడ్లింగ్‌లో, అనగా యాక్సిలరేటరు తొక్కకుండా వున్నప్పుడు, ఇంజను నిమిషానికి 700 చుట్లు తిరుగుతున్నదనుకొందాము. అప్పుడు నాలుగు సిలిండర్లలో కలిపి నిమిషానికి 1400 మంటలు, అనగా సెకనుకు సుమారు 23 మంటలు. ఒక సిలిండరు పూర్తిగా మానుకొంటే సెకనుకు సుమారు ఆరు చోట్ల వెలితి ఏర్పడుతుంది. ఆ వెలితిని మన చేయి, చెవి స్పష్టంగా గుర్తిస్తవి. అదే 3000 చుట్ల వేగంలో సెకనుకు 100 మంటలు. బరువైన ఫ్లైవీలు ఊపు ఆ లోటును చాలావరకు కప్పివేస్తుంది. కాబట్టి 'వేగంలో బాగానే వుంది' అన్న మాట విని రోగం లేదనుకొనరాదు.

అయితే కొన్ని లోపాలు వేగంలో నిజంగానే తగ్గిపోతవి. ఐడ్లింగ్‌లో గాలి ద్వారం దాదాపు మూసివుంటుంది. లోపలికి పోయే మిశ్రమం తక్కువ. పాత పొగ కొంత లోపలనే మిగిలి దానిలో కలుస్తుంది. అట్టి పలుచని మిశ్రమం అంటుకొనడమే కష్టం. ఏ చిన్న లోపమైనా అప్పుడు పెద్దదవుతుంది.

మంట పుట్టడానికి మూడు కావలె: సకాలంలో గట్టి నిప్పురవ్వ, తగు పాళ్ళలో గాలి పెట్రోలుల మిశ్రమం, సిలిండరులో తగినంత బిగువు. మిస్సింగ్ ఏదైనా ఈ మూడింటిలో ఒకదాని లోపమే. కనుక వస్తువులు మార్చడానికి ముందు వేయవలసిన ప్రశ్నలు రెండు. ఒకటి, లోపం ఒకే సిలిండరులో వున్నదా, అన్నిటిలోనూ వున్నదా? రెండు, ఈ మూడింటిలో ఏది కొరవడినది?

మొదటి ప్రశ్నకు ఇంజనే సమాధానం చెబుతుంది. ఇంజను ఆపి, ఒక ప్లగ్గు వైరు తీసి, దానిని ఇంజను ఇనుముకు ఆనించి కట్టి, మరల స్టార్టు చేయవలె. వైరును ఊరికే గాలిలో వదలరాదు, నడుస్తున్న ఇంజనులో చేతితో పీకరాదు. దానిలో వేల వోల్టుల విద్యుత్తు వుంటుంది. వైరు తీసినందువల్ల ఇంజను మరింత కుంటితే ఆ సిలిండరు అంతవరకు పనిచేస్తున్నదని అర్థం. ఏ వైరు తీసినా తేడా రాని సిలిండరు ఏదో అదే దోషి. నాలుగింటికీ సమానంగా తేడా వస్తే లోపం అందరికీ ఉమ్మడి అయిన చోట, అనగా పాయింట్లు, కాయిలు, కార్బొరేటరు వంటి వాటిలో వున్నది.

దోషి సిలిండరు తెలిసిన తరువాత చేయవలసిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. రెండవ సిలిండరులో లోపమున్నదనుకొనండి. దాని ప్లగ్గును మూడవదానిలో, మూడవదాని ప్లగ్గును రెండవదానిలో బిగించవలె. మిస్సింగ్ మూడవ సిలిండరుకు నడిచిపోతే తప్పు ప్లగ్గుది. రెండవదానిలోనే వుండిపోతే ప్లగ్గు నిర్దోషి. తరువాత వైరును అదే విధంగా పరీక్షించవలె. లోపం వస్తువు వెంట పోయిందా, చోటులోనే నిలిచిందా అని అడగడమే నిదానానికి కీలకం. ఒకసారికి ఒకే మార్పు చేయవలె. రెండు మార్పులు ఒకేసారి చేసినవాడు ఇంజను బాగుపడినా ఎందుకు బాగుపడినదో చెప్పలేడు.

తీసిన ప్లగ్గు ముఖం కూడ చదువదగినదే. లేత గోధుమ రంగు ఆరోగ్యానికి చిహ్నం. పొడి నల్లని మసి వుంటే పెట్రోలు ఎక్కువైనదని అర్థం. చోక్ పూర్తిగా తెరచుకొనకపోవడమో, గాలి ఫిల్టరు మూసుకొనిపోవడమో కారణం కావచ్చును. నాపరాతి పాలిషింగ్ యూనిట్ల రాతిపొడి ఎగిరే తాండూరు ప్రాంతంలో ఈ ఫిల్టరును తరచుగా చూచుకొనడం అవసరం. నూనె తడితో నల్లగా వుంటే ఇంజను ఆయిలు పైకి వస్తున్నది. బాగా తెల్లబారితే పెట్రోలు చాలడం లేదు, లేదా వేడి మితిమీరినది. ఐడ్లింగ్ రోగానికి ప్లగ్గు చూడదలిస్తే ఇంజనును కొంతసేపు ఐడ్లింగ్‌లోనే వుంచి ఆపి చూడవలె. దూరప్రయాణం చేసివచ్చి చూస్తే ఆ ముఖం వేరొక కథ చెబుతుంది.

నిప్పురవ్వ పుట్టే డిస్ట్రిబ్యూటరును ఇప్పుడు చూద్దాము. ఈ ఇంజనులో పాయింట్ల ఎడం సుమారు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్గు ఎడం సుమారు 0.64 మిల్లీమీటర్లు వుండవలె. ఇతర బండ్లకు ఆ బండి పుస్తకంలోని కొలతే ప్రమాణం. పాయింట్లు గుంటలు పడి మాడినట్లుంటే కండెన్సరును అనుమానించవలె. డిస్ట్రిబ్యూటరు ఇరుసు అరిగి అటూ ఇటూ కదిలితే ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఎడం ఏర్పడుతుంది. ఎన్నిసార్లు సరిచేసినా నిలువదు. వర్షాకాలంలో క్యాపు లోపల తేమ చేరినా, వెంట్రుకంత బీట పడినా నిప్పురవ్వ దారి తప్పుతుంది. చీకటిలో బానెట్టు ఎత్తి చూస్తే వైర్ల మీద నీలి మెరుపులు కనిపించి రహస్యం బయటపడుతుంది. ఒక గుర్తు చెప్పవచ్చును: వికారాబాదు వద్ద అనంతగిరి ఘాటు వంటి ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ ఎక్కువైతే నిప్పురవ్వ బలహీనమని ముందుగా అనుమానించవలె. కొద్దిగా యాక్సిలరేటరు తొక్కగానే మాయమైతే మిశ్రమాన్నీ, వాల్వులనూ ముందుగా చూడవలె.

మిశ్రమం చెడడానికి ముఖ్య కారణం దొంగగాలి. గాలి ద్వారం మూసివున్నప్పుడు మానిఫోల్డులో పీల్పు ఎక్కువ. మానిఫోల్డు గాస్కెట్టు పగిలినా, కార్బొరేటరు కింది గాస్కెట్టు కుంగినా, డిస్ట్రిబ్యూటరుకు పోయే సన్నని వ్యాక్యూం గొట్టం చీలినా అక్కడి నుండి లెక్కలో లేని గాలి చొరబడుతుంది. ఆ అతుకుల మీద నీటిని తుంపరగా చల్లితే చాలు. ఇంజను నడక మారిన చోటనే రంధ్రం వున్నది. నీరు డిస్ట్రిబ్యూటరు మీద పడకుండా చూచుకొనవలె. కొందరు ఇందుకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజను మీద పెట్రోలు చల్లడం ప్రాణాలతో చెలగాటం. వ్యాక్యూం గేజితో చూచేవారు మరొక సంగతి గుర్తుంచుకొనవలె. సముద్రతీరంలో ఆరోగ్యకరమైన ఇంజను 17 నుండి 21 అంగుళాలు చూపుతుంది. ప్రతి వేయి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. తాండూరు, యాలాల్ ప్రాంతం సముద్రమట్టానికి నాలుగైదు వందల మీటర్ల ఎత్తున వున్నది కాబట్టి ఒకటిన్నర అంగుళం తగ్గినంత మాత్రాన కంగారుపడనవసరం లేదు. ముల్లు స్థిరంగా వుండడమే ముఖ్యం.

సోలెక్స్ తరహా కార్బొరేటరులో ఐడ్లింగ్‌కు ప్రత్యేకంగా ఒక చిన్న జెట్టు వుంటుంది. దానిలో ఇసుక రేణువంత చెత్త చేరినా ఐడ్లింగ్ పోతుంది, వేగం మాత్రం బాగానే వుంటుంది. దానిని విప్పి గాలితో ఊదవలె. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై కొత్త రోగం తెచ్చుకొన్నట్లే.

నేటి పెట్రోలు కూడ ఈ కథలో భాగస్వామి. మన దేశంలో పెట్రోలులో కలిపే ఇథనాలు 2025లో 20 శాతానికి చేరినది. ఒక కిలో పెట్రోలు మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావలె. ఇథనాలుకు 9 కిలోలు చాలును. 20 శాతం కలిసిన ఇంధనానికి లెక్క సుమారు 13.5 కిలోలు. వెనుకటి పెట్రోలుకు అమర్చిన కార్బొరేటరు పాత పాళ్ళలోనే గాలిని ఇస్తుంది కనుక మిశ్రమం పలుచబడుతుంది. ఆ ప్రభావం ఐడ్లింగ్‌లో ముందుగా తెలుస్తుంది. పైగా ఇథనాలు తేమను పీల్చుకొంటుంది, పాత రబ్బరు గొట్టాలను చెడగొడుతుంది. నెలల తరబడి కదలని బండిలో ట్యాంకునూ, గొట్టాలనూ పరీక్షించకుండా కార్బొరేటరును నిందించడం న్యాయం కాదు.

మూడవది బిగువు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంలో నిలిచిపోయినది. ప్రజారోగ్యానికి అది మహోపకారం. కాని పాత ఇంజన్ల ఎగ్జాస్టు వాల్వు సీట్లకు ఆ సీసమే మెత్తవలె పనిచేసేది. అది లేనందున సీటు క్రమంగా అరిగి, వాల్వు లోపలికి దిగి, ట్యాపెట్టు ఎడం తగ్గిపోతుంది. చివరకు వాల్వు పూర్తిగా మూసుకొనదు. ట్యాపెట్లు చప్పుడు చేయడం లేదని సంతోషించే యజమాని ఈ సంగతి గమనించవలె. ఎడం సుమారు 0.38 మిల్లీమీటర్లు వున్నదో లేదో ఫీలర్ గేజితో చూచిన తరువాతనే కంప్రెషన్ పరీక్షకు పోవలె. ఒక సిలిండరులో బిగువు తక్కువగా వుంటే ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల చూడవలె. పెరిగితే పిస్టను రింగులు అరిగినవి; పెరగకపోతే వాల్వులలో లోపం. పక్క పక్కనున్న రెండు సిలిండర్లలో ఒకేసారి తగ్గితే వాటి నడుమ హెడ్ గాస్కెట్టు పోయినదని అనుమానించవలె.

ఈ పరీక్షలు చేసేటప్పుడు ఇంజనును మూసిన షెడ్డులో నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

చూచితిరి కదా! వైర్లు ఆనించి వినడం, ప్లగ్గులు తారుమారు చేయడం, నీరు చల్లడం, ఎడం కొలవడం, వీటిలో దేనికీ కొత్త వస్తువు కొనవలసిన పని లేదు. ఖర్చు లేని పరీక్షలు ముందు, చిన్న ఖర్చువి తరువాత, ఇంజను విప్పడం అన్నిటికంటె చివర. ఈ వరుస తప్పినందువల్లనే పేద యజమాని నష్టపోతున్నాడు, మంచి మెకానికుకు చెడ్డపేరు వస్తున్నది. సెలవులలో ఊరికి పోయే మా విద్యార్థులు తమ ఇంటి బండిని గాని, పొరుగువారి బండిని గాని షెడ్డుకు తీసుకొనిపోయినప్పుడు 'ఏది మార్చమంటారు?' అని అడగడానికి ముందు 'ఏ సిలిండరు, ఏ కారణం?' అని మర్యాదగా అడుగుదురు గాక. పని తెలిసిన మెకానికు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. అతని పక్కన నిలబడి చూడడమే ఆనాటి పాఠం.